నిదానమే ప్రధానం

పాఠ్యభాగ ఉద్దేశం

నిత్యజీవితంలో ఎదురయ్యే ఒక సాంకేతిక సమస్యను హేతుబద్ధంగా పరిశీలించే పద్ధతిని పరిచయం చేయడం, తరగతి గదిలో చదివిన ఓం నియమం రోడ్డుమీద నడిచే కారులో ఎలా పనిచేస్తుందో చూపడం, శాస్త్ర విషయాన్ని తెలుగులో విశదంగా చెప్పే రీతిని తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

‘నిదానమే ప్రధానం’ అన్నది తెలుగునాట అందరి నోటా వినిపించే మాట. తొందరపడవద్దు, నెమ్మదిగా సాగమని ఆ మాటకు మనం చెప్పుకొనే అర్థం. అయితే ‘నిదానం’ సంస్కృతం నుంచి వచ్చిన పదం. అక్కడ దానికి మూలకారణం అని అర్థం. లక్షణాలను బట్టి రోగానికి మూలమైన కారణాన్ని గుర్తించే విద్యకు ఆయుర్వేదంలో నిదానమని పేరు. మాధవకరుడు రచించిన ‘మాధవనిదానం’ ఆ విషయానికే కేటాయించిన గ్రంథం. ముందు నిదానం, ఆ తరువాతే చికిత్స అన్నది వైద్యులు పాటించే క్రమం. కారణాన్ని వెదకేవాడికి ఓర్పు లేకపోతే వెదుకులాట సాగదు. ఓర్పు, కారణాన్వేషణ అనే రెండర్థాలూ తెలుగులో ఒకే పదంలో ఒదిగి ఉండడం ముచ్చటైన విషయం.

మనిషికే కాదు, యంత్రానికీ రోగం వస్తుంది. దానికీ లక్షణాలుంటాయి. వాటి వెనుక కారణముంటుంది. పాతబడిన కారుకు వచ్చే రోగాల్లో యజమానిని ఎక్కువగా తికమకపెట్టేది ఇంధన పంపు విద్యుత్ వలయంలో ఏర్పడే దోషం. ఉదయం చక్కగా నడిచిన కారు మధ్యాహ్నం ఎండలో హఠాత్తుగా ఆగిపోతుంది. గంటసేపు నిలిపి ఉంచితే మళ్ళీ నడుస్తుంది. మెకానిక్కు దగ్గరకు తీసుకొని వెళ్ళేసరికి రోగమే లేనట్లు ప్రవర్తిస్తుంది. ఇటువంటి దోషాన్ని పట్టుకోవడానికి ఖరీదైన పరికరాలకన్న క్రమబద్ధమైన ఆలోచన ఎక్కువగా ఉపకరిస్తుంది. ఆ క్రమాన్ని తెలుసుకొందాం.

ఇంజనులో పెట్రోలు మండాలంటే ముందుగా అది ట్యాంకు నుంచి ఇంజను దాకా చేరాలి. కార్బ్యురేటరు వాడిన రోజుల్లో, అంటే అంబాసిడరు, తొలినాటి మారుతి 800 వంటి కార్లలో, ఈ పనిని ఇంజను కదలికతో నడిచే యాంత్రిక పంపు చేసేది. దానికి విద్యుత్తుతో పనిలేదు. 2000 సంవత్సరంలో ‘ఇండియా 2000’ అనే ఉద్గార ప్రమాణాలు దేశమంతటా అమలులోకి వచ్చాయి. పొగలోని కాలుష్యాన్ని తగ్గించడానికి, పెట్రోలును లెక్క ప్రకారం సన్నని తుంపరగా చిమ్మే ఎం.పి.ఎఫ్.ఐ. విధానం పెట్రోలు కార్లలో క్రమంగా వ్యాపించింది. అలా చిమ్మాలంటే ఇంధనం మీద అధిక పీడనం ఉండాలి. అందుకోసం విద్యుత్ మోటారుతో నడిచే పంపును ట్యాంకు లోపలే, పెట్రోలులో మునిగి ఉండేటట్లు అమర్చారు. చుట్టూ ఉన్న పెట్రోలే ఆ మోటారును చల్లబరుస్తుంది. ఎప్పుడూ ‘రిజర్వు’లోనే బండి నడిపేవారి పంపు త్వరగా వేడెక్కి చెడిపోవడానికి ఇది ఒక కారణం. అప్పుడు కొత్తగా వచ్చిన ఆ కార్లు నేడు రెండు దశాబ్దాలు దాటిన పాత వాహనాలు.

పంపుకు విద్యుత్తు చేరే దారిని విశాఖ విద్యార్థులకు తెలిసిన ఒక ఉపమానంతో చెప్పవచ్చు. విశాఖ ఉక్కు కర్మాగారానికి అవసరమైన నీరు దూరాన ఉన్న ఏలేరు జలాశయం నుంచి కాలువ ద్వారా వచ్చి కణితి జలాశయానికి చేరుతుంది. కణితి వద్ద నీరు తగ్గితే ఏలేరు ఎండిపోయిందని వెంటనే అనుకోలేం. దారిలో ఎక్కడైనా తలుపు మూసుకొని ఉండవచ్చు, గట్టు తెగి ఉండవచ్చు, పూడిక చేరి ఉండవచ్చు. కారులో బ్యాటరీ ఏలేరు వంటిది. అక్కడ బయలుదేరిన విద్యుత్తు ఫ్యూజును దాటి, రిలేను దాటి, కారు అడుగుభాగంలోని తీగ వెంట వెనుకకు వెళ్ళి, ట్యాంకు వద్ద ఉన్న కప్లరు ద్వారా పంపులో ప్రవేశిస్తుంది. అయితే కాలువకు లేని మరొక ధర్మం విద్యుత్ వలయానికి ఉంది. వెళ్ళిన విద్యుత్తు తిరిగి బ్యాటరీకి చేరితేనే ప్రవాహం సాగుతుంది. ఆ తిరుగుదారిగా కారు ఇనుప శరీరాన్నే ఉపయోగిస్తారు. పంపు నుంచి వచ్చే తీగను శరీరానికి బిగించిన చోటును మెకానిక్కులు ‘ఎర్తు’ అంటారు. వెళ్ళేదారిని అందరూ పరిశీలిస్తారు. వచ్చేదారిని మరచిపోయేవారే ఎక్కువ.

ఈ దారిలో రిలే పాత్రను ప్రత్యేకంగా గమనించాలి. ఇది కాలువ తలుపు వంటిది. స్వల్ప విద్యుత్తుతో పనిచేసే తీగచుట్ట ఒక చిన్న అయస్కాంతంగా మారి, అధిక విద్యుత్తు ప్రవహించే మీటను మూస్తుంది. చుట్టకు ఆజ్ఞ ఇచ్చేది ఇంజనును నియంత్రించే ఎలక్ట్రానిక్ పెట్టె. దీనినే ఇ.సి.యు. అంటారు. తాళంచెవి తిప్పగానే చాలా కార్లలో ఇది పంపును సుమారు రెండు సెకన్లపాటు మాత్రమే నడిపి ఆపుతుంది. ఇంజను తిరుగుతున్నట్లు సంకేతం అందితేనే పంపును మళ్ళీ నడుపుతుంది. ఈ ఏర్పాటు ప్రాణరక్షణ కోసం. ప్రమాదంలో ఇంజను ఆగిపోయినప్పుడు పంపు కూడా ఆగాలి. లేకపోతే తెగిన గొట్టం నుంచి పెట్రోలు వేడి ఇంజను మీదికి చిమ్మే అపాయముంది.

విశాఖపట్నం సముద్రతీర నగరం. 1933లో ఓడరేవు ప్రారంభమైననాటి నుంచి, 1957లో చమురుశుద్ధి కర్మాగారం, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం వరకు ఈ నగర జీవనమంతా లోహంతోను, ఇంధనంతోను ముడిపడి ఉంది. ఆ లోహానికి శత్రువు కూడా ఇక్కడి గాలిలోనే ఉంది. కెరటాల తుంపర నుంచి లేచిన ఉప్పుకణాలు తేమను పీల్చుకొని లోహం మీద పలుచని పొరగా పరచుకొంటాయి. ఇనుముకు తుప్పు, రాగికీ ఇత్తడికీ పచ్చని చిలుము పడతాయి. ఓడల అడుగున జింకు దిమ్మలు బిగించి ఉక్కును కాపాడుకోవడం నౌకానిర్మాణంలో నిత్యకృత్యం. కారు కప్లరులోని ఇత్తడి ముక్కలకు, ఎర్తు మరకు అటువంటి రక్షణ లేదు. చిలుము విద్యుత్తును సులభంగా పోనివ్వదు. ఇరవయ్యేళ్ళ కారులో ఈ పొర ఎంత మందంగా పేరుకొంటుందో ఊహించవచ్చు.

ఒక సందర్భాన్ని ఊహించుకొందాం. గాజువాకలో ఉండే ఒక డ్రైవరు పాత ఎం.పి.ఎఫ్.ఐ. కారును అద్దెకు నడుపుతూ జీవనోపాధి పొందుతున్నాడు. కారు సింహాచలం కొండ ఎక్కుతూ రెండుసార్లు ఆగిపోయింది. మెకానిక్కు పంపు కప్లరు ఊడదీసి, పంపుకు వెళ్ళే తీగకూ కారు శరీరానికీ మధ్య మీటరు పెట్టి చూశాడు. పన్నెండు వోల్టులు కనిపించాయి. “కరెంటు వస్తోంది, పంపే పోయింది” అన్నాడు. కొత్త పంపు వేశారు. కారు నడిచింది. రెండు వారాలు గడిచాక అదే కొండ మీద మళ్ళీ ఆగిపోయింది. డ్రైవరుకు పంపు ఖర్చు పోయింది, బేరాలు పోయాయి, కొండదారిలో వెనుక వచ్చే బస్సుల మధ్య ప్రాణభయం మిగిలింది. ఇక్కడ మెకానిక్కు చూసిన సంఖ్య అబద్ధం కాదు. ఆ సంఖ్య నుంచి అతడు తీసిన నిర్ణయమే తప్పు. భాగం మార్చడం చికిత్స కావచ్చు, నిదానం మాత్రం కాదు.

ఈ పొరపాటును ఓం నియమం విప్పి చెబుతుంది. జర్మన్ శాస్త్రవేత్త జార్జ్ సైమన్ ఓం 1827లో ప్రకటించిన ఈ నియమం ప్రకారం వోల్టేజి, విద్యుత్ ప్రవాహాన్ని నిరోధంతో గుణించిన లబ్ధానికి సమానం. లెక్క సులభంగా ఉండేందుకు పంపును 2.4 ఓంల నిరోధంగా భావిద్దాం. బ్యాటరీ 12 వోల్టులు ఇస్తే పంపులో 5 ఆంపియర్లు ప్రవహిస్తాయి. ఇప్పుడు ఎర్తు వద్ద తుప్పు, చిలుము చేరి 0.6 ఓంల నిరోధం ఏర్పడిందనుకొందాం. మొత్తం నిరోధం 3 ఓంలు. ప్రవాహం 4 ఆంపియర్లకు పడిపోతుంది. పంపుకు దక్కేది 9.6 వోల్టులు మాత్రమే. మిగిలిన 2.4 వోల్టులు తుప్పుపట్టిన అతుకు దగ్గరే ఖర్చవుతాయి. పంపు పొందే సామర్థ్యం 60 వాట్ల నుంచి దాదాపు 38 వాట్లకు తగ్గుతుంది. అతుకు దగ్గర దాదాపు 10 వాట్ల వేడి పుడుతుంది. ఆ వేడికి అతుకు మరింత చెడుతుంది. కొండ ఎక్కేటప్పుడు ఇంజను ఎక్కువ పెట్రోలు కోరుతుంది. బలహీనపడిన పంపు దానిని అందించలేదు. ఇంధనాభావంతో ఇంజను ఆగిపోతుంది.

మరి మీటరులో పన్నెండు వోల్టులు ఎందుకు కనిపించాయి? రెండు కారణాలున్నాయి. మొదటిది, కప్లరు ఊడదీసినప్పుడు పంపులో ప్రవాహం లేదు. డిజిటల్ మల్టీమీటరు తన గుండా దాదాపు ఏమీ పోనివ్వదు. ప్రవాహం లేనిచోట నిరోధం ఎంత ఉన్నా వోల్టేజి నష్టం కనిపించదు. పూడికతో సగం మూసుకొనిపోయిన గొట్టంలో నీరు కదలనప్పుడు రెండు వైపులా మట్టం సమానంగానే ఉంటుంది. నీరు పారడం మొదలైతేనే తేడా బయటపడుతుంది. రెండవది, మీటరు రెండో కొనను శుభ్రంగా ఉన్న కారు శరీరానికి తాకించారు. పంపు ఉపయోగించే తిరుగుదారి ఆ పరీక్షలో లేనేలేదు. అందువల్ల పరీక్ష దోషాన్ని తప్పించుకొని పక్కనుంచి వెళ్ళిపోయింది. కొత్త పంపు వేసేటప్పుడు తీగలు కదలి చిలుము కొంత రాలి ఉంటుంది. ఆ రెండు వారాల ఉపశమనం దానివల్ల కలిగింది. పంపుకూ దానికీ సంబంధం లేదు.

అందువల్ల పరీక్షకు ఒక క్రమం ఉండాలి. మొట్టమొదట దోషం ఇంధనానిదేనా అని నిర్ధారించాలి. పెట్రోలు, గాలి, నిప్పురవ్వ ఈ మూడింటిలో ఏది లోపించినా ఇంజను నడవదు. నిశ్శబ్దమైన చోట తాళంచెవి తిప్పి, వెనుక సీటు దగ్గర చెవి పెడితే పంపు రెండు సెకన్లపాటు చేసే సన్నని గుయ్‌మనే శబ్దం వినిపించాలి. ఇది ప్రత్యక్ష ప్రమాణం. శబ్దం లేకపోతే విద్యుత్తు అందలేదో, మోటారు చెడిందో తేల్చాలి. శబ్దం ఉన్నంతమాత్రాన పంపుకు పూర్తి బలం ఉందని చెప్పలేం. కొన్ని కార్లలో పెట్రోలు ముల్లుకూ పంపుకూ ఎర్తు ఒకటే. అటువంటి కారులో పంపు నడిచినప్పుడల్లా ముల్లు తొణికితే ఎర్తును అనుమానించవచ్చు.

తరువాత ఫ్యూజు. కంటికి బాగున్నట్లు కనిపించే ఫ్యూజులోనూ సన్నని పగులు ఉండవచ్చు. కాబట్టి దాని రెండు కొనల వద్దా వోల్టేజి చూడాలి. ఫ్యూజు మాడిపోయి ఉంటే కొత్తది వేసి ఊరుకోకూడదు. ఎందుకు మాడిందో తెలుసుకోవాలి. ఎక్కడో తీగ తొడుగు ఒరుసుకొని శరీరానికి తగులుతూ ఉండవచ్చు, పంపు బిగుసుకొనిపోయి అధిక ప్రవాహాన్ని లాగుతూ ఉండవచ్చు. ఫ్యూజు బదులు రాగితీగ చుట్టడం కాపలావాడి కళ్ళకు గంతలు కట్టడం వంటిది.

రిలే పరీక్షలో మన తర్కశాస్త్రం చెప్పిన అన్వయ వ్యతిరేకాలు చక్కగా ఉపయోగపడతాయి. ఒకటి ఉన్నప్పుడు మరొకటి ఉండడం అన్వయం. ఒకటి లేనప్పుడు మరొకటి లేకపోవడం వ్యతిరేకం. అదే రకానికి చెందిన మరొక రిలేను, ఉదాహరణకు హారను రిలేను, పంపు రిలే స్థానంలో పెట్టి చూడాలి. పంపు నడిచి, పాత రిలేతో హారను మూగబోతే దోషం రిలేదే. రిలే మారినా పంపు నడవకపోతే రిలేను నిందించడం అన్యాయం. ఇలా ఒక్కసారికి ఒక్క మార్పు మాత్రమే చేయాలి. ఒకేసారి మూడు భాగాలు మారిస్తే కారు నడవవచ్చు. కాని వాటిలో కారణం ఏదో ఎన్నటికీ తెలియదు.

ఆ తరువాత ట్యాంకు దగ్గరి కప్లరును చేరాలి. ఇది దారికి ముఖ్యమైన మజిలీ. దారి పొడవునా ప్రతి అంగుళం వెదకడం కన్న మధ్యలో ఒకచోట పరీక్షించి, దోషం ముందుందో వెనుకుందో తేల్చుకొంటే శ్రమ సగమవుతుంది. కప్లరును ఊడదీయకుండా, పంపు నడుస్తూ ఉండగా దాని రెండు కొనల మధ్య వోల్టేజి చూడాలి. అదే సమయంలో బ్యాటరీ రెండు కొనల మధ్య వోల్టేజినీ చూడాలి. ఈ రెండింటి మధ్య తేడా పెద్దగా ఉంటే దారిలో ఎక్కడో పూడిక ఉన్నట్లే. అది ఎటువైపు ఉందో తేల్చడానికి మీటరు ఒక కొనను బ్యాటరీ రుణధ్రువానికి, రెండో కొనను పంపు ఎర్తు తీగకు తాకించాలి. పంపు నడుస్తూ ఉండగా అక్కడ దాదాపు సున్నా కనిపించాలి. అర వోల్టుకు మించితే తిరుగుదారి చెడినట్లే. మన ఉదాహరణలోని కారులో ఇక్కడ 2.4 వోల్టులు కనిపించేవి. దోషి దొరికిపోయేవాడు. మీటరు సున్నా చూపితే ఇదే పద్ధతిలో ధనధ్రువం వైపు దారిని పరిశీలించాలి. కప్లరు వద్ద పూర్తి వోల్టేజి అందుతూ, ఎర్తు కూడా బాగుండి, ఫిల్టరు శుభ్రంగా ఉన్నా పంపు సరిగా నడవకపోతే అప్పుడు పంపును మార్చడం న్యాయం.

అప్పుడప్పుడు మాత్రమే తలయెత్తే దోషానికి మరింత ఓర్పు కావాలి. మీటరును అమర్చి ఉంచి, తీగలను ఒక్కొక్క చోట మెల్లగా కదిలించి, సంఖ్య ఎక్కడ తొణికిందో గమనించాలి. ఎండలో నిలిపినప్పుడు ఒకసారి, చల్లారినప్పుడు ఒకసారి కొలిచి పోల్చాలి. కనుగొన్న సంఖ్యలను కాగితం మీద రాసుకోవాలి. దోషం తేలాక చిలుమును గరుకు కాగితంతో రుద్ది తీసి, మరను గట్టిగా బిగించి, తేమ చేరకుండా పెట్రోలియం జెల్లీ పూయాలి. మొదట చేసిన కొలతను మరొకసారి చేసి, సంఖ్య మారిందని నిర్ధారించుకొన్నాకే పని ముగిసినట్లు.

ఇక్కడ రెండు హెచ్చరికలు అవసరం. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనది. అది నేలబారుగా పరచుకొని, దూరాన ఉన్న చిన్న రవ్వకు కూడా అంటుకొంటుంది. కాబట్టి ట్యాంకు దగ్గరి పరీక్షలు గాలి బాగా ఆడే చోట, మంటలార్పే సాధనం చేరువలో ఉంచుకొని, అనుభవజ్ఞుల పర్యవేక్షణలోనే చేయాలి. ట్యాంకు మూత తెరిచి ఉండగా తీగలు తాకించి రవ్వలు చూడడం ఆత్మహత్యాసదృశం. రెండవది, దోషం దొరకనప్పుడు కొందరు రిలేను పక్కనపెట్టి బ్యాటరీ నుంచి పంపుకు ‘డైరెక్టు’ తీగ లాగుతారు. కారు నడుస్తుంది, యజమాని సంతోషిస్తాడు. కాని ప్రమాదవేళ పంపును ఆపవలసిన ఏర్పాటు ఆ క్షణంతో నశించింది. పరీక్ష కోసం ఫ్యూజు ఉన్న తీగతో కొన్ని నిమిషాలు అలా నడపడం వేరు, శాశ్వతంగా వదలివేయడం వేరు. పాత కారును కొనేవారు ఇటువంటి తీగ ఉందేమో తప్పక చూసుకోవాలి. ఆ కారులో ప్రయాణించేవారికి ఆ సంగతి తెలిసే అవకాశం ఉండదు.

విశాఖపట్నం వంటి పారిశ్రామిక నగరంలో చదువుకొనే విద్యార్థుల్లో కొందరు రేపు యంత్రాల మధ్య పనిచేస్తారు. మరికొందరు యంత్రాలను ఉపయోగించేవారుగా ఉంటారు. ఇద్దరికీ ఈ క్రమం అవసరమే. మెకానిక్కు “పంపు పోయింది” అన్నప్పుడు “పంపు నడుస్తుండగా దాని రెండు కొనల మధ్య ఎన్ని వోల్టులు వచ్చాయి?” అని అడగగలిగిన యజమాని అనవసర వ్యయం నుంచి తప్పించుకొంటాడు. ఆ ప్రశ్నను తనకు తానే వేసుకొనే మెకానిక్కు, రోజు సంపాదన మీద బతికే డ్రైవరుకు మేలు చేసినవాడవుతాడు. ముందు కొలత, తరువాత నిర్ణయం, ఆ తరువాతే చికిత్స. నిదానం ప్రధానం కావడమంటే ఇదే.

కఠిన పదాలకు అర్థాలు

నిదానం = మూలకారణం; నెమ్మది
ఉద్గారం = వెలువడేది, వెలికి వచ్చే పొగ
చిలుము = రాగి, ఇత్తడి లోహాలపై పట్టే పచ్చని మాలిన్యం
మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు
లబ్ధం = గుణించగా వచ్చిన ఫలితం
ఉపశమనం = తగ్గుదల, ఊరట
సదృశం = సమానం, పోలినది

అభ్యాసం

I. వ్యాసరూప ప్రశ్నలు
1. ఇంధన పంపు విద్యుత్ వలయంలోని దోషాన్ని కనుగొనే క్రమాన్ని వివరించండి.
2. ‘భాగం మార్చడం చికిత్స కావచ్చు, నిదానం మాత్రం కాదు’ అన్న వాక్యాన్ని పాఠ్యభాగం ఆధారంగా సమర్థించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. కప్లరు ఊడదీసి కొలిచినప్పుడు దోషం ఎందుకు బయటపడలేదు?
2. అన్వయ వ్యతిరేకాలంటే ఏమిటి? రిలే పరీక్షకు వాటిని ఎలా అన్వయించారు?
3. పంపుకు ‘డైరెక్టు’ తీగ లాగడం వల్ల కలిగే అపాయమేమిటి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. మాధవనిదానం రచయిత ఎవరు?
2. ఓం తన నియమాన్ని ఏ సంవత్సరంలో ప్రకటించాడు?
3. పంపు మోటారును చల్లబరిచేది ఏది?

IV. సంధులు
ఇంధనాభావం = ఇంధన + అభావం – సవర్ణదీర్ఘ సంధి
జీవనోపాధి = జీవన + ఉపాధి – గుణ సంధి
ప్రత్యక్షం = ప్రతి + అక్షం – యణాదేశ సంధి

V. సమాసాలు
అన్వయ వ్యతిరేకాలు = అన్వయమూ, వ్యతిరేకమూ – ద్వంద్వ సమాసం
ప్రాణరక్షణ = ప్రాణాల యొక్క రక్షణ – షష్ఠీ తత్పురుష సమాసం
ప్రాణభయం = ప్రాణము గురించి భయం – తత్పురుష సమాసం